మైకు లేని సీటు

విమానం ఎక్కేముందు కుక్క చేత ఉచ్చ పోయించడం ఆమె పని. కుక్కకు తొందర లేదు. కంచె పొడుగునా ప్రతి గుంజనూ వాసన చూసి, ఏదీ నచ్చక తలెత్తి ఆమెకేసి చూసింది. అవతల భర్త విమానం రెక్కను పాత బనీనుతో తుడుస్తూ "అయిందా?" అని కేకేశాడు.

"దానికి రావాలి కదండీ."

"నువ్వు సరిగ్గా తిప్పడం లేదు."

పెళ్ళయిన కొత్తలో ఇలాంటి మాటలకు ఆమె నవ్వేది. ఇప్పుడు లోపల ఏదో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. ఆ నాలుగు సీట్ల విమానం భర్తా అతని స్నేహితులూ కలిసి కొనుక్కున్నది. తమ వంతు వచ్చిన శనివారం ఎగిరి తీరాలి, కుక్కను ఎక్కించుకుని తీరాలి. దానికి పొద్దుటి నుంచి తిండి పెట్టకూడదు, కక్కుతుంది. చెవులకు మెత్తటి డిప్పలు తగిలించాలి, అది కాలితో పీకేస్తుంటే మళ్ళీ సర్దాలి. ఒంటిపట్టీని సీటు బెల్టుకు కట్టాలి, లేకపోతే ముందుకు దూకి ఏ మీట మీదో పడుతుంది. దిగాక సీటుకు అంటిన వెంట్రుకలన్నీ ఏరాలి, తర్వాతి వంతు స్నేహితుడికి తుమ్ములొస్తాయి కాబట్టి. "నీకున్న పని ఒక్కటే కదా, మొద్దుని పట్టుకోవడం" అంటాడు భర్త. ఆ ఒక్కటిలో ఎన్ని ఉన్నాయో అతను ఎప్పుడూ మూత తీసి చూడలేదు. చెవులకు డిప్పలతో కిటికీలోంచి చూస్తున్న కుక్క ఫోటోలు మాత్రం లోకానికంతా పంపుతాడు. వాటిలో ఆమె కూడా ఉంటుంది. మెడపట్టీ పట్టుకున్న చెయ్యి ఆమెదే.

కుక్కకు మొద్దు అన్న పేరు అత్తగారు పెట్టింది. చప్పిడి ముక్కు, ముడతల మొహం, పడుకుంటే గురక. విమానం కాస్త పైకి లేవగానే నిద్రపోతుంది. "కోడలికంటే నయంరా, ఎక్కిన కాసేపటికే పడుకుంటుంది, దిగేదాకా పేచీ లేదు" అని ఆవిడ అన్న మాటను కొడుకు ఇప్పటికీ విందుల్లో చెప్పి నవ్విస్తాడు.

ఆ ఇంజను మోతలో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే హెడ్‌ఫోను ఉండాలి, దానికి మైకు ఉండాలి. వెనక సీట్లవి ఎప్పుడో పాడైపోయాయి. "వెనక మాట్లాడేదెవరు, కుక్కా?" అని భర్త బాగుచేయించలేదు. ఆమె చెవుల్లో దూది పెట్టుకుంటుంది. వారమంతా ఆమె ఉద్యోగమే మాట్లాడటం. చెవికి మైకు తగిలించుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళ ఫిర్యాదులు వింటూ, తిట్టినవాళ్ళకు కూడా "మీ ఇబ్బంది అర్థమైందండీ" అని చెప్పాలి. "మీ గొంతులో నవ్వు తగ్గింది" అని పై అధికారి మొన్ననే హెచ్చరించాడు. శనివారం ఆ గొంతుతో పని లేదు. మధ్యమధ్యలో భర్త వెనక్కి తిరిగి బొటనవేలు ఎత్తుతాడు. ఆమె కూడా ఎత్తుతుంది. అంటే అంతా బాగానే ఉందని. చాలాసార్లు అతను తిరగకుండానే ఎత్తేవాడు, ఆమె అతని వీపుకు జవాబు చెప్పేది.

ఆ రోజు ప్రయాణం కొండలకు అవతల ఉన్న ఆడపడుచు ఇంటికి. వెనక కూర్చుంటే తల తిరుగుతుందని అత్తగారు ముందు సీటెక్కింది. ఎప్పుడూ కొండల నడుమ సందులోంచి వెళ్ళేవారు. ఇవాళ ఆ సందు నిండా మబ్బు. భర్త వెనక్కి తిప్పేస్తాడనుకుంది ఆమె. అతను విమానం ముక్కు పైకెత్తాడు. మబ్బుల్ని దాటడానికి ఎక్కాడు, ఎక్కాడు, ఇంకా ఎక్కాడు. కింద తెల్లటి పరుపు పరుచుకుంది. మొద్దు పడుకుంది.

ఆమెకు వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కాయి. తల తేలిపోతున్నట్టుంది. గాలి పీలుస్తున్నా సరిపోవడం లేదు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుందని భర్తే ఎప్పుడో గొప్పగా చెప్పాడు. అప్పుడు తట్టింది ఆమెకు, ఏదో తేడాగా ఉందని. ఎప్పుడూ తొడకు తెలిసే గురక అదురు లేదు. కుక్క పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పక్కటెముకలు మాత్రం చిన్నచిన్నగా, వేగంగా ఎగురుతున్నాయి. కుదిపింది. కళ్ళు సగం తెరిచి, ఆమెను గుర్తుపట్టనట్టు చూసి మూసేసింది.

ఇన్నాళ్ళూ అది నిద్ర కాదు. ఊపిరాడక సోలిపోతుంటే, పేచీ పెట్టడం లేదని అందరూ మెచ్చుకున్నారు.

భర్త భుజం తట్టింది. అతను తిరగకుండానే వేలెత్తాడు. మళ్ళీ తట్టింది. ఈసారి తిరిగాడు. ఆమె వేలు కిందికి చూపి, కుక్కను చూపింది. అతను చూశాడు. నవ్వాడు. తల్లితో ఏదో అన్నాడు, ఇంకా నవ్వాడు. "ఏవండీ" అని అరిచింది. చెవిటివాడి ముందు శంఖమే. ఆ అరుపు ఆమెకే వినబడలేదు.

ఆమె బెల్టు విప్పుకుని ముందుకు వంగింది. అత్తగారి నెత్తిమీది హెడ్‌ఫోను లాగేసి, మైకును పెదాలకు ఆనించుకుంది.

"కిందికి దించండి."

అతను ఉలిక్కిపడి చూశాడు. నోరు కదిలింది, ఏమన్నాడో ఆమెకు తెలియదు. కింది మబ్బుల్ని చూపించాడు.

"వచ్చిన దారిన తిప్పండి. అక్కడ మబ్బు లేదు. తిప్పి దించండి. ఇప్పుడే."

ఆ గొంతులో నవ్వు లేదు. అతను తిప్పాడు.

దిగుతున్నకొద్దీ చిగుళ్ళకు ఎరుపొచ్చింది. మొద్దు లేచి, ఒళ్ళు విరుచుకుని, ఆమె ఒడిలో కక్కింది. ఆమె దాని నెత్తిమీద మొహం పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

కొండలకు ఇవతలే, పెట్రోలు పోసుకునే చిన్న రన్‌వే మీద దిగారు. ఇంజను ఆగీ ఆగకముందే భర్త మొదలెట్టాడు.

"మా అమ్మ జుట్టు పట్టుకుంటావా?"

"హెడ్‌ఫోను పట్టుకున్నాను."

"కుక్క కోసం ఇంత రాద్ధాంతమా? చూడు, తోకాడిస్తోంది. మబ్బు విడుతుంది, పెట్రోలు పోయించుకొచ్చి బయల్దేరదాం. అక్క భోజనం పెట్టుకుని కూర్చుంటుంది."

"మీరు వెళ్ళండి. నేనూ ఇదీ రోడ్డున వెళ్తాం."

"ఎక్కడికి?"

"ముందు ఇంటికి. తర్వాత సంగతి ఇంకా అనుకోలేదు."

కుక్కను చంకనెత్తుకుని ఆమె గేటుకేసి నడిచింది. చీర కుచ్చిళ్ళు తడిగా కాళ్ళకు అంటుకుంటున్నాయి. లోపల తిరిగే ఆ పిల్లి ఇంకా తిరుగుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు దానికి దారి కనిపించినట్టుంది. వెనక ఎవరో రొప్పుతూ వస్తున్న చప్పుడు. అత్తగారు. జుట్టంతా రేగిపోయి ఉంది. మాటలు పడటానికి సిద్ధపడింది ఆమె.

"అమ్మాయ్, ఆగు. నేనూ వస్తాను."

"మీకేమైందండీ?"

ఆవిడ వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "పైన వాడు పాట పాడాడు."

"పాటా?"

"నీకు వినబడదుగా. ఒకటే ముక్క, మళ్ళీమళ్ళీ. ఆపరా అంటే నవ్వుతాడు. చక్రం మీంచి చెయ్యి తీసి తాళం వేస్తాడు. వాణ్ణి కన్నదాన్ని, వాడు పాడగా ఎప్పుడూ వినలేదు. నాకేమో కళ్ళు మూతలు పడుతున్నాయి, లేపేవాళ్ళు లేరు. నువ్వు లాగేదాకా ఎక్కడున్నానో కూడా తెలియదే తల్లీ."

ఆమె భర్తకేసి తిరిగి చూసింది. ఆ నవ్వు గుర్తొచ్చింది. వెక్కిరింత అనుకుంది దాన్ని. గాలి చాలక అతనికీ మత్తెక్కింది, అతనికే తెలియలేదు. అక్కడ భర్త పెట్రోలు పంపు దగ్గర నిలబడి, ఏమీ జరగనట్టు పెట్రోలు పోసేవాడితో మబ్బుల గురించి మాట్లాడుతున్నాడు.

మొద్దుని అత్తగారి చేతుల్లో పెట్టింది. విమానం దగ్గరికి వెళ్ళి, రెక్కమీద కాలుపెట్టి లోపలికి వంగి, తాళంచెవి తీసి సంచీలో వేసుకుంది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" అతను పరిగెత్తుకొచ్చాడు.

"ఇవాళ మీరు నడపరు" అంది ఆమె. "రండి, ముగ్గురం రోడ్డునే పోదాం."