వీసీ గారి బల్ల మీద తూకం గుండు

నేను ఒక తూకం గుండును. గోడ నిటారుగా లేచిందో లేదో చూడటానికి తాపీ మేస్త్రీలు దారం కట్టి వేలాడదీసే ఇత్తడి గుండును. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది. పెద్ద చదువులవాళ్ళ మధ్య బతికినవాణ్ణి కాబట్టి నన్ను రకరకాలుగా అనుకున్నారు. ఒక డీన్ గారైతే బొంగరమనుకుని తిప్పబోయారు.

పుట్టింది ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ అజ్జరంలో. పాత గంగాళం ఒకటి, సొట్టలు పడ్డ చెంబులు రెండు కరిగించి నన్ను పోశారు. కొన్నది గంటయ్య మేస్త్రి. ఆయన నన్ను వేలాడదీస్తే గోడలే కాదు, దారిన పోయేవాళ్ళు కూడా నడుం సర్దుకుని నడిచేవారు. ఒకసారి తుపాను గాలికి గోదావరి లంకల్లో కొబ్బరిచెట్లన్నీ వంగిపోతే నేనొక్కణ్ణే నిటారుగా వేలాడాను. నమ్మకపోతే మానండి, ఆ చెట్లు ఇంకా ఉన్నాయి, అడగండి.

జోగేశ్వరరావు గారు అప్పుడు కాలవ మీద లాకు కట్టించడానికి కొత్తగా వచ్చిన ఇంజనీరు. మొదటిరోజు మేస్త్రి నన్ను గోడకు వేలాడదీస్తే ఆయన పక్కన నిలబడి ప్రశ్న మీద ప్రశ్న వేశారు. గంటయ్య తల తిప్పకుండానే అన్నాడు:

"బాబుగారూ, గుండు ఆగేదాకా నోరు కట్టుకోవాలండి. మా పనిలో అది ఆనవాయితీ. మీరు మాటాడతా ఉంటే అది ఊగతానే ఉంటది. ఇంజినీరు గారని దానికి తెలీదు కదండీ."

ఆయన నోరు మూసుకున్నారు. నేను ఆగాను. అలా మొదలైంది మా స్నేహం. లాకు పూర్తయిన రోజున మేస్త్రి నన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. "నాకు చూపు ఆనట్లేదండి. మీరుంచండి. బీరువాలో మటుకు పెట్టకండి, పని చెప్పండి."

ఆ తరువాత ఇరవై ఆరేళ్ళు ఆయన చొక్కా ఎడమ జేబు నాది. నా బరువుకు జేబులన్నీ చిరిగేవి. "మీరు నన్ను చేసుకున్నారా, ఆ గుండునా?" అని ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు అడిగారు. ఆయన నన్ను జేబులో సర్దుకుని పనికి వెళ్ళిపోయారు. నేను వారం రోజులు ఆనందంగా ఉన్నాను.

ఆయన చీఫ్ ఇంజనీరు దాకా ఎదిగారు. అంతలో ఒక యూనివర్సిటీలో వైస్ ఛాన్సలర్ పదవి కోసం ఇద్దరు ప్రొఫెసర్లు కొట్టుకుంటున్నారట. ఇద్దరి మధ్యా గోడ కట్టాలంటే ఇంజనీరే తగినవాడని పైవాళ్ళకు తోచి, ఈయన్ని వేశారు. వీడ్కోలు సభలో తోటి ఇంజనీర్లు బంగారు పాళీ ఉన్న పెన్నొకటి బహూకరించారు. అందులో ఆకుపచ్చ సిరా. అక్కడితో నా సంసారం కూలింది.

జేబు దానిదైంది. నేను బల్ల మీదికొచ్చాను, ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా. నా దారం ఊడదీసి అటెండరు బంగారయ్య దేనికో కట్టడానికి పట్టుకుపోయాడు. పెన్ను మాత్రం ఆయన గుండెల మీద కూర్చుని ఊరేగేది. స్నాతకోత్సవంలో జరీ అంచు గౌను కింద కూడా అదే. రోజుకు వంద సంతకాలు పెట్టేది. ఏ ఒక్కటీ నిటారుగా ఉండేది కాదు, అన్నీ కుడివైపు వాలేవి. అయినా దానికే మర్యాద. అది సిరా కక్కాలని నేను కోరుకున్నాను. ఒకసారి కక్కింది కూడా. తెల్లచొక్కా మీద అరచేతి మందాన ఆకుపచ్చ. ఆయన కొత్త చొక్కా కొనుక్కున్నారు తప్ప పెన్ను మార్చలేదు.

యూనివర్సిటీలో కొత్త గ్రంథాలయం కట్టారు. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చే తేదీ కూడా ఖాయమైంది. భవనం సక్రమంగా పూర్తయిందన్న కాగితం మీద వీసీ గారి సంతకం ఒకటే మిగిలింది. రిజిస్ట్రారు గారు ఫైలు విప్పి నిలబడ్డారు. పెన్ను మూత తీసుకుంది. అప్పుడే బంగారయ్య టీ తెచ్చాడు.

"ఆయ్, ఆ తూర్పు హాల్లో తలుపు దానంతటదే మూసుకుపోతందండి. ఎన్నిసార్లు తెరిచినా అంతేనండి."

"గాలయ్యా, గాలి," అన్నారు రిజిస్ట్రారు.

"కిటికీలన్నీ మూసే ఉన్నాయండి."

పెన్ను కాగితానికి అంగుళం పైన ఆగిపోయింది. జోగేశ్వరరావు గారు నావైపు చూశారు. ఆరేళ్ళ తరువాత ఆ చూపు. నన్ను చేతిలోకి తీసుకుని దారం కోసం వెతికారు. లేదు. ఫైలుకున్న ఎర్ర నాడా లాగి, రెండు ముడులేసి నాకు కట్టారు.

ఆ హాల్లో అరవై ఏళ్ళ వీసీ గారు నిచ్చెన ఎక్కారు. తలుపున్న తూర్పు గోడకు నల్లబల్ల డస్టరు ఆనించి, దాని అంచు నుంచి నన్ను కిందికి వదిలారు. కింద రిజిస్ట్రారు, కాంట్రాక్టరు, పదవి కోసం కొట్టుకున్న ఆ ఇద్దరు ప్రొఫెసర్లు ఒకేసారి మాట్లాడుతున్నారు.

"గుండు ఆగేదాకా ఎవరూ మాట్లాడకండి," అన్నారాయన.

ఇద్దరు ప్రొఫెసర్లు ఒకేసారి నోరు మూయడం ఆ యూనివర్సిటీ చరిత్రలో అదే మొదటిసారి. నేను ఊగాను. కావాలనే కాస్త ఎక్కువసేపు ఊగాను, దాచడమెందుకు? తరువాత ఆగాను. పైన గోడకూ నాడాకూ మధ్య డస్టరు మందం. కింద గోడకూ నాకూ మధ్య ఆ డస్టరూ పట్టింది, ఆపైన మూడు వేళ్ళూ పట్టాయి. గోడ లోపలికి వాలుతోంది, రేపు పిల్లలు తలవంచుకుని చదువుకునే బల్లల మీదికి.

"సార్, మంత్రిగారు వస్తున్నారని కార్డులు పంచేశామండి," అన్నారు రిజిస్ట్రారు నీరసంగా.

"గోడకు కార్డు అందలేదేమో," అని ఆయన నిచ్చెన దిగారు.

గెలిచాననుకున్నాను. తీరా చూస్తే, గోడ కూల్చమన్న ఉత్తర్వు రాసింది ఆ పెన్నే. మంత్రిగారికి కోపం వచ్చి పదవి పొడిగించకపోతే, సెలవంటూ ఆఖరి ఉత్తరం రాసిందీ అదే. నేను చూపించాను, అది కూల్చింది. జనం దాని మాటే చెప్పుకున్నారు.

గోడ మళ్ళీ కట్టారు. నిటారుగా ఉంది. ఆయన వెళుతూ మా ఇద్దర్నీ ఆ హాల్లోనే గాజు పెట్టెలో పెట్టించారు. పెన్ను ముందు 'వైస్ ఛాన్సలర్ గారి కలం' అని బోర్డు. నా ముందు 'పేపర్ వెయిట్' అని.

మొన్న ఇద్దరమ్మాయిలు వచ్చి గాజుకు ముక్కు ఆనించారు.

"పేపర్ వెయిట్‌కి నాడా ఎందుకే?"

"ఎగిరిపోకుండానేమో."

నవ్వుకుంటూ వెళ్ళి, ఆ తూర్పు గోడ కిందే కూర్చుని చదువుకున్నారు. సాయంత్రం దాకా లేవలేదు.

చెప్పడం మరిచాను. ఈ పెట్టెలో అర సమంగా ఉందో లేదో రసమట్టం పెట్టి చూసినవాడు లేడు, అది నావైపు ఒరిగింది. పెన్ను రోజూ ఒక వెంట్రుకవాసి దొర్లి, చివరికి వచ్చి నామీద వాలింది. నేను పక్కకు తప్పుకుంటే కింద పడి దాని పాళీ విరుగుతుంది.

తప్పుకోలేదు. అయితే ప్రేమనుకునేరు. కాగితాలు ఆపిన అలవాటు, అంతే.