కాళమ్మ కూర్చున్న సీటు

కారులో ఏసీ ముందు చచ్చింది. కాళమ్మ తరవాత పోయింది. ఆ రెంటికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. పోలిరాజు డాక్టరుతో వాదించలేదు. వాదించాల్సిన మనిషి వేరే ఉన్నాడు.

పోలిరాజు పెళ్లాం కాళమ్మది ఊపిరితిత్తుల జబ్బు. చౌల్దారీ నుంచి పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి వారానికి రెండుసార్లు తీసుకెళ్లాలి. రోడ్డు వెడల్పు చేసే పని నడుస్తోంది. అద్దం దించితే ఎర్రదుమ్ము, ఎక్కిస్తే ఉడుకు. అందుకే పోలిరాజు పడవలో తన వాటా తమ్ముడికి వదిలేసి, ఏసీ ఉన్న పాత కారు ఒకటి కొన్నాడు. కొన్న రోజునే ఉలీ సుత్తీ పట్టుకుని బానెట్ ఎత్తాడు. జంగ్లీఘాట్ రేవులో వలబెండ్లు, తెడ్లు, ఇంజన్లు అన్నీ కలిసిపోతాయి గనక మనవాళ్లలో ఇంటింటికీ ఒక గురుతు ఉంటుంది. పోలిరాజు ఇంటిది రెండు గీతలు, నడుమ చుక్క. జాకీ మీద, బ్యాటరీ పట్టీ మీద, ఏసీ కంప్రెసర్ మీద అదే కొట్టాడు.

"నా నుదుటి మీద కూడా ఒకటి కొట్టెయ్. ఎవుడైనా ఎత్తుకుపోగలడు," అంది కాళమ్మ గుమ్మంలో ఆయాసపడుతూ.

"నిన్నా? ఎత్తుకుపోయినోడే మర్నాడు తెచ్చి దింపుతాడు."

వేసవి ముదిరే వేళకి చల్లగాలి పలచబడింది. కారును జంగ్లీఘాట్‌లో మల్లేశు షెడ్డుకి తోలుకెళ్లాడు. మల్లేశు పరాయివాడు కాదు. వాడి తండ్రీ పోలిరాజూ ఒకే పడవలో వల లాగినవాళ్లు. రేవులో సగం పడవల ఇంజన్లు బాగుచేసేది వాడే.

"చిన్న లీకు మావా. కంప్రెసర్ విప్పి కడిగి బిగించాను. టెన్షన్ మత్ లో," అన్నాడు మల్లేశు.

కొద్దిరోజులు చల్లగా వచ్చింది. తరవాత వేడిగాలి. గ్యాస్ తగ్గిందన్నాడు, నింపాడు. మళ్లీ వేడిగాలే. ఈసారి ఏదో పార్ట్ పోయిందన్నాడు. చెన్నై నుంచి సముద్రం దాటి జహాజ్‌లో రావాలన్నాడు. జహాజ్ వచ్చింది, పార్ట్ రాలేదు. ఇంకో జహాజ్ వచ్చింది. దాంట్లోనూ రాలేదు.

పోలిరాజు బానెట్ ఎత్తి చూడలేదు. మనవాడి చేతికిచ్చిన వస్తువు తిరిగొచ్చాక గురుతు వెతకడమంటే, వాణ్ణి ముఖం మీద దొంగ అన్నట్టే. తండ్రి నేర్పిన పద్ధతి అది. ఆ పద్ధతి పట్టుకుని వేసవంతా వేగాడు.

కాళమ్మ వెనక సీట్లో తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చునేది. ఉడుకు ఓర్వలేక అద్దం దించేది. దుమ్ము కొట్టగానే దగ్గు తెర పట్టుకునేది. తనే అద్దం ఎక్కించుకునేది. ఒకసారి సిప్పీఘాట్ దాటాక అడిగింది:

"ఆ జహాజ్ ఎందాకా వొచ్చిందంట?"

వానలు మొదలవక ముందే ఆమె పోయింది.

వానలు వెళ్లి మళ్లీ ఎండలు ముదిరాక ఒకనాడు రేవులో చేపల వ్యాపారి వాసుదేవ్ పిలిచాడు. అతనిదీ అదే రకం కారు. బెల్టు కీచుమంటోంది, ఒకసారి చూడమన్నాడు. పోలిరాజు వంగి చూశాడు. బెల్టు కింద కంప్రెసర్. కంప్రెసర్ చెవి మీద రెండు గీతలు, నడుమ చుక్క.

వంగినవాడు చాలాసేపు లేవలేదు.

"ఏటి భయ్యా, పోయిందా?"

"బెల్టు వదులైంది. ఏసీ ఎలాగుంది?"

"ఊటీ! మల్లేశు కొత్త కంప్రెసర్ వేశాడు కిందటి వేసవిలో. జహాజ్‌లో దిగిన మాల్."

పోలిరాజు బానెట్ దించి ఇంటికెళ్లాడు. తన కారు కింద దూరాడు. అక్కడున్నది తుక్కు కంప్రెసర్, పైన నల్లరంగు. గురుతు లేదు. కారు కిందే పడుకుని ఏం చెయ్యాలో ఆలోచించుకున్నాడు. పోలీసులు గుర్తు రాలేదు.

ఆదివారం పడవలు వేటకెళ్లవు. కులపెద్ద రమణయ్య రేవులో ఒడ్డుకు లాగిన పడవల దగ్గర కూర్చుంటాడు. తగువున్నవాడు పడవ ముక్కు మీద చెయ్యి వేసి మాట్లాడాలి. అలా చెయ్యి వేసి అబద్ధమాడినవాడితో ఏ పడవకీ పొత్తు ఉండదు.

'నా కంప్రెసర్ కొత్తదేనా?' అని పోలిరాజు అందరిలో వాసుదేవ్‌తో అడిగించాడు. మల్లేశు నవ్వుతూ లేచాడు. పడవ ముక్కు మీద అరచెయ్యి ఆనించాడు.

"గంగమ్మ తోడు. నీ కంప్రెసర్ కొత్తది భయ్యా. పెట్టె సీలు నా చేత్తో ఇప్పినాను."

"అయితే వాసుదేవ్ కారు బానెట్ ఎత్తండి," అన్నాడు పోలిరాజు.

ఎత్తారు. ఆ గురుతు రేవులో ఎరగనివాడు లేడు. రమణయ్య వంగి వేలితో తడిమాడు. మల్లేశు చెయ్యి ఇంకా పడవ మీదే ఉంది. అది తియ్యాలన్న సంగతి కూడా వాడికి తోచలేదు.

"మన సావాసం ఇయ్యాళ్టితో సరి," అన్నాడు రమణయ్య వాడితో. "నీ షెడ్డుకి మన ఇంజన్ ఒక్కటీ రాదు. పోలిరాజూ, తప్పు ఎంత కట్టించమంటావు?"

"డబ్బు నాకొద్దు."

వాసుదేవ్ నసిగాడు. "నీ కంప్రెసర్ ఇప్పించేస్తాను భయ్యా."

"ఉంచుకో. చల్లగాలి అడిగిన మనిషి లేదు. ఈడు నా కారెక్కాలి. వెనక సీట్లో, కుడివేపు. కాళమ్మ కూర్చున్న చోట. అంతే."

ఎవరూ కాదనలేదు. ఎవరో కిసుక్కున నవ్వి, పోలిరాజు ముఖం చూసి ఆపేశారు.

మిట్టమధ్యాహ్నం బయలుదేరారు. రేకు కాలిపోతోంది. ఊరు దాటకముందే మల్లేశు చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది.

"మావా, అద్దం దించుకుంటాను."

"దించుకో. నేనడ్డా?"

దించాడు. రోడ్డు పని ఇంకా అవలేదు. ఎదురొచ్చిన టిప్పరు లేపిన ఎర్రదుమ్ము బుస్సున లోపలికొచ్చింది. వాడు దగ్గి, ఉమ్మి, అద్దం ఎక్కించాడు. కాసేపటికి మళ్లీ దించాడు. మళ్లీ ఎక్కించాడు. పోలిరాజు పై అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ చెయ్యి ఎక్కి దిగడం అతనికి బాగా తెలుసు.

"ఏసీ వెయ్యి మావా, కొంచెమైనా..." అనేసి మల్లేశు నాలుక కరుచుకున్నాడు.

"వేస్తాను. పార్ట్ జహాజ్‌లో ఉంది."

చౌల్దారీలో ఇంటి ముందు ఆపేసరికి మల్లేశు తలుపు తోసుకుని నేలమీద కూలబడ్డాడు. పోలిరాజు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. గుమ్మంలోకొచ్చినవాడికి నీళ్లు లేవనకూడదు. వాడు సగం తాగి సగం నెత్తిన పోసుకున్నాడు.

"తప్పయిపోయింది మావా. అత్త జబ్బు ఇంతని నాకు తెల్దు. మాఫ్ సెయ్యి."

"నీ షెడ్డు ముందు కూర్చుని దగ్గింది. నువ్వే స్టూలేశావు."

మల్లేశు చెంబు పక్కన పెట్టి లేచి, బస్సు ఎప్పుడుందని అడిగాడు.

"బస్సెందుకు? ఎక్కు."

"అయిపోయింది కదా మావా?"

"ఇది ఇంటికొచ్చే దారి. ఆసుపత్రికెళ్లే దారి ఉండిపోయింది."

మల్లేశు రోడ్డు వైపు చూశాడు, ఎండ వైపు చూశాడు. పడవల పనంతా పోగొట్టుకున్నవాడికి కాదనే నోరు లేదు. ఎక్కాడు. పోలిరాజు తలుపు వేసి, సరిగ్గా పడిందో లేదో లాగి చూసి, బండి తీశాడు. మెల్లగా పోనిచ్చాడు. రోగిని తీసుకెళ్లేటప్పుడు అతనెప్పుడూ మెల్లగానే నడుపుతాడు.