మాట పడని మడి

అప్పటికే వరసతాత మడిలో దిగి నడుం వంచాడు. ఎడమ చేతిలో నారు, కుడి చేతి వేళ్ళ మధ్య మూడేసి మొక్కలు. గుచ్చడం, ఒక అడుగు వెనక్కి వేయడం. ఆశ్రమంలో ఇరవై రెండేళ్ళుగా ఆయన పని ఇంతే. ఆయన నాటితే తాడు పట్టినట్టుంటుంది, అందుకే ఆ పేరు. గాలి లేదు. మబ్బు మడి మీదికి దిగి కూర్చుంది. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి.

"ఏం తాతా, మొహం అలా వేలాడేశావు?" పక్క వరసలోంచి వంటక్క అడిగింది.

"ఎడం రెక్క లాగుతోందే."

"గట్టెక్కి కూర్చోరాదూ! నువ్వు నాటకపోతే వరి అలుగుతుందా?"

"నా సంగతి సరే, నీ నోరు కట్టుకో. పోయినేడు నీ పుణ్యాన మడంతా రెండుసార్లు నాటాం."

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. నిజమే మరి. గంట కొట్టాక మడి నిండేదాకా మాట పడకూడదు. పడితే నాటిందంతా పీకి మళ్ళీ మొదలుపెట్టాలి. గురువుగారి నియమం. జలగ పట్టిందని వంటక్క కెవ్వుమంటే ముప్ఫై మంది నడుములు విరిగాయి.

గంట మోగింది. నవ్వులు కోసేసినట్టు ఆగిపోయాయి.

సగం మడి నిండేసరికి గుండెల మీద ఎవరో రోలు దించినట్టయింది తాతకి. చెమట ధారగా కారింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంగిన ముప్ఫై వీపుల వంక చూశాడు. మింగేశాడు. చెయ్యెత్తాడు.

మౌనంలో చెయ్యెత్తితే నారు కావాలని. గట్టు మీద నుంచి నారు అందించే మోతగాడు కట్ట విసిరాడు. తాత మోకాలి పక్కన తపుక్కున పడింది. మళ్ళీ చెయ్యెత్తాడు. ఇంకో కట్ట పడింది.

పాకుతున్నట్టుగా గట్టెక్కి, బాసింపట్టు వేసుకుని, మట్టికుప్పకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వంటక్క తలెత్తి చూసింది. ధ్యానంలో ఉన్నవాళ్ళని ఎవరూ కదపరు. బురద చేతులతోనే దణ్ణం పెట్టి, తన వరసతోపాటు ఆయన వరస కూడా అందుకుంది.

పొద్దువాలేవేళకి మడి నిండింది. గంట మోగగానే ముప్ఫై నోళ్ళూ తెరుచుకున్నాయి.

"తాతా, లే! ఈసారి కిక్కురుమనలేదు, చూశావా?" అంటూ వంటక్క భుజం తట్టింది. తల పక్కకి ఒరిగింది.

గురువుగారు వచ్చి చూశారు. "ధన్యుడు. ధ్యానంలోనే వెళ్ళిపోయాడు" అన్నారు. అందరూ చేతులు జోడించారు. మోతగాడు జోడించలేదు. మడిలోకే చూస్తున్నాడు.

అక్కడ కొత్త నాట్ల మధ్య రెండు నారుకట్టలు, వేసిన ముడి వేసినట్టే, బురదనీళ్ళలో తేలుతున్నాయి.