రిపోర్టులో అర్థమైన వాక్యం

జనం కలిసి ఇళ్లు ఎలా కట్టుకుంటారు, కట్టుకున్నాక కొట్టుకోకుండా ఎలా ఉంటారు అన్న విషయం మీద ఆయన రెండేళ్లు పరిశోధన చేశాడు. తనకు మాత్రం సొంత ఇల్లు లేదు. ఈత గురించి పుస్తకం రాసి, చెరువు గట్టున చెప్పులు విప్పడానికి కూడా జంకేవాళ్లుంటారు, తనూ ఆ బాపతేనని తన మీద తనే జోకులు వేసుకునేవాడు. అద్దె ఇల్లు అమ్మేశానని, నెలాఖరుకల్లా ఖాళీ చేయమని యజమాని చెప్పిన రోజు మాత్రం ఏ జోకూ తట్టలేదు.

ఆయన పరిశోధించిన కాలనీ ఊరి చివర ఉంది. కొన్ని కుటుంబాలు కలిసి స్థలం కొని, కలిసి గోడలు లేపి, జీతం భత్యం లేకుండా పనులన్నీ తామే చేసుకుంటున్నాయి. అందరికీ కలిపి ఒక హాలు, ఒక పనిముట్ల గది, బట్టలుతికే గది ఉన్నాయి. అక్కడ ఓట్లు ఉండవు. హాల్లో కూర్చున్న ప్రతి మనిషీ నోరు తెరిచి "సరే" అనాలి. ఒక్కరు అనకపోయినా కథ మళ్లీ మొదటికొస్తుంది. వాషింగ్ మెషిన్ ఏ మూలన పెట్టాలన్న దాని మీదే వరసగా మీటింగులు జరిగాయి. వాటన్నిటికీ హాజరై, ప్రజాస్వామ్యానికి ఇదే పరాకాష్ఠ అని ఆయన రాసుకున్నాడు.

పరిశీలకుడు జోక్యం చేసుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం. అందుకని వాళ్లు కాలువలో పూడిక తీస్తుంటే గట్టు మీద నిలబడి చూశాడు. హాలుకు సున్నం వేస్తుంటే కుర్చీ నీడలోకి జరుపుకుని మరీ చూశాడు. టీ ఇస్తే తాగాడు. అది జోక్యం కిందికి రాదని ఆయన అభిప్రాయం. కాలనీవాళ్లు ఆయన్ని "రిపోర్టు సార్" అనేవాళ్లు, గౌరవంతోనే అంటున్నారని ఆయన నమ్మేవాడు.

సరిగ్గా అదే నెలలో కాలనీలో ఒక కుటుంబం బదిలీ మీద వెళ్లిపోయి, ఇల్లు ఖాళీ అయింది.

"అడుగుదాం. వాళ్ల గురించి నాకంటే బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు భార్యతో.

ఆవిడ బడిపంతులమ్మ. "మీ గురించి వాళ్లకి తెలుసుగా, అదే నా భయం" అంది. అయినా మీటింగు రోజున వెంట వెళ్లింది. వెళ్లక చస్తుందా, ఇల్లు ఆవిడకూ కావాలి.

ఆ ఇల్లు అడిగినవాళ్లు మరొకరున్నారు. ఒక టైలరమ్మ. ఒంటిగదిలో ఇద్దరు పిల్లలతో, కుట్టుమిషనుతో కాపురం. కాలనీ పని ఏదుందన్నా ఏడాది పైగా వచ్చి చేస్తోంది.

మీటింగు నడిపేది పెద్దక్క, రిటైరైన నర్సు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు మాట్లాడినంత మెత్తగా మొదలుపెట్టింది.

"సార్, మీ రిపోర్టు అందరం చదివాం. ఎనభై పేజీలూ చదివాం. ఉన్నమాట చెప్పాలంటే ఒక్క వాక్యమే అర్థమైంది. అది చాలా బాగుందని గోడ మీద రాసుకున్నాం కూడా."

ఆయన ఎప్పుడూ ఆ గోడకే వీపు ఆనించి కూర్చునేవాడు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. "ఏడాది పాటు అందరితో కలిసి చెమటోడ్చనివాళ్లకు ఇక్కడ ఇల్లు ఇవ్వకండి" అని ఉంది.

ఆయన నెత్తిన పిడుగు పడినట్టయింది. ఇది తను రాసింది కాదు. తన వాక్యంలో క్రియ కావాలంటే చదివేవాడు పేజీ తిప్పాలి. రిపోర్టు టైపు చేసింది భార్య. ఆవిడ వంక చూశాడు. ఆవిడ తిరగని ఫ్యాను వంక శ్రద్ధగా చూస్తోంది.

"రాసింది మీరు గనక, తప్పని మీరంటే చెరిపేస్తాం. ఇల్లు మీకిస్తాం. టైలరమ్మ కూడా అడ్డు చెప్పనంది" అంది పెద్దక్క. టైలరమ్మ తల దించుకునే ఉంది.

తప్పు అంటే ఇల్లు వస్తుంది. కానీ జీవితంలో జనం తనను మెచ్చుకున్నది ఆ ఒక్క వాక్యానికే, అదీ తనది కాదు. ఆయన బుర్ర పాదరసంలా పనిచేసింది. తప్పన్న ఆ మాటేదో భార్య నోటితోనే అనిపిస్తే ఇల్లూ దక్కుతుంది, నిజాయితీపరుడన్న పేరూ దక్కుతుంది.

"అది మా ఆవిడ రాసింది. తప్పో ఒప్పో తననే అడగండి" అన్నాడు ఎంతో వినయంగా.

ఆవిడ లేచింది. "టైపు చేస్తూ చేస్తూ ఒళ్లు మండి రాశానక్కా. చదివి సిగ్గుపడతారనుకున్నా. తన రిపోర్టు తనే చదవరని నాకేం తెలుసు?"

హాలంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు, ఇంకేం చేస్తాడు.

"మరి చెరిపెయ్యమంటావా అమ్మా?"

ఆవిడ టైలరమ్మను చూసింది. "ఇల్లు నాకూ కావాలక్కా. నెలాఖరుకి మా సామాను రోడ్డు మీదుంటుంది. కానీ చెరపొద్దు. ఆవిడకే ఇవ్వండి. నేను సరే అంటున్నా."

ఒక్కొక్కరే సరే అంటూ వచ్చారు. చివరికి పెద్దక్క ఆయన వైపు తిరిగింది. "ఇవాళ మీరు చూడ్డానికి రాలేదు, అడగడానికొచ్చారు. మీరూ అనాలి సార్."

అనకుండా కూర్చుంటే చాలు, ఆ ఇల్లు టైలరమ్మకు దక్కదు. కూర్చోవడంలో ఆయనకున్నంత అనుభవం ఆ హాల్లో ఇంకెవరికీ లేదు. భార్య ఆయన వైపు చూడలేదు. చూసి ఉంటే ఇంత సిగ్గేసేది కాదు.

"సరే" అన్నాడు.

నెలాఖరుకు కిరాణా కొట్టు వెనకాల రెండు ఇరుకు గదులు దొరికాయి. సామాను సర్దుకుంటుంటే కాలనీవాళ్లు తోపుడుబండితో సహా దిగారు. ఎవరూ పిలవలేదు. పెద్దక్క గిన్నెలు మూట కడుతోంది. మనుషులు ఇలా పిలవకుండా రావడం గురించి తను ఒక అధ్యాయమే రాశానని ఆయనకు గుర్తొచ్చింది. అందులో ఏం రాశాడో ఒక్క ముక్క గుర్తు రాలేదు. గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

బీరువా ఒక వైపు ఎత్తి పట్టుకున్న టైలరమ్మ అంది: "పక్కకన్నా జరగండి సార్, లేదా ఆ కొసన్నా పట్టండి."

ఆయన పట్టుకున్నాడు. బీరువా ఇంత బరువుంటుందని ఆయనకు తెలియదు.