పన్నెండంగుళాల చెక్క

శవపేటిక మూతకు ఆఖరి మేకు కొట్టి, మిగిలిన ముక్కలన్నీ ఏరి పొయ్యి పక్క గోనెలో వేస్తున్నాడు ప్రేమ్‌రాజ్. సైదాబాద్ సందులోని ఆ కొట్లో ఏళ్ల తరబడి ఒకటే నియమం. పెట్టె చెక్క మిగిలితే అక్కడే కాలిపోవాలి, ఇంటి గడప తొక్కకూడదు. ఒక్కసారి తప్పాడు. మంచి టేకు, పారేయబుద్ధి కాక పీట చేసి ఇంటికి పట్టుకెళ్లాడు. నెల తిరక్కుండా భార్య రూతమ్మ పోయింది. డాక్టరు గుండె అన్నాడు. గుండేమిటి, పీటే! దాన్ని కాల్చేశాడు గాని, వంటింట్లో ఆ పీట నేల మీద జరిగిన చప్పుడు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

బడి వదలగానే మనవరాలు స్వీటీ వచ్చింది, మొహం వేలాడేసుకుని.

“తాతా, రేపు పరీక్ష. మూడు బై నాలుగులకెల్లి ఒకటి బై మూడు తీసెయ్యాలె. పైన పైనది తీసిన, కింద కిందది తీసిన. రెండు బై ఒకటొచ్చింది. తప్పంట!”

“ఏందే, ఉన్నదే ముప్పావాయె. తీస్తే రెండైతదా?” నవ్వాడు. “ఒకటి నాలుగు భాగాల లెక్క, ఇంకోటి మూడు భాగాల లెక్క. రెండిటికీ కలిసేది పట్టాలె.”

గోనెలోంచి చేతికందిన అడుగు పొడవు చెక్క తీశాడు. టేకు. ఇక్కడే కాలుస్తాగా అని సర్దిచెప్పుకున్నాడు.

“గిది పన్నెండు ఇంచులు. ముప్పావంటే?”

“తొమ్మిది.”

“మూడో వంతు?”

“నాలుగు.”

తొమ్మిది దగ్గర కోశాడు. అందులోంచి నాలుగు కోసి పక్కన పెట్టాడు.

“ఐదు! ఐదు బై పన్నెండు!” పిల్ల గంతేసింది. “గీ ముక్క నాకియ్యి తాతా, ఇంటికి తీస్కపోత.”

“వద్దు!” గొంతు కటువుగా వచ్చింది. పొయ్యిలో వేయబోతే పిల్ల బావురుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఏడ్వకు బిడ్డా. నా స్కేలు తీస్కపో. ఇది నా దగ్గరుంటది.”

అయిదంగుళాల ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. వచ్చేదేదో నాకే రానీ ప్రభువా, పసిదాని జోలికి పోనీకు అనుకున్నాడు.

స్వీటీ సంచీ సర్దుకుని వెళ్లింది. ఆయన కొత్త పెట్టెకు వీపు ఆనించి కూర్చున్నాడు.

చీకటి పడే వేళకు పక్క కొట్టు మొగులయ్య షట్టరు దించి పిలిచాడు. “ప్రేమన్నా, పోదాం పా.”

పలకలేదు. ముట్టుకుంటే చల్లగా తగిలాడు. చెయ్యి జేబు మీద ఉంది. మొహంలో భయమన్నది లేదు.

మూడంగుళాల ముక్క గోనెలో ఉంది, అయిదంగుళాలది జేబులో ఉంది. తీసేసిన నాలుగంగుళాలది మాత్రం, స్వీటీ పెన్సిల్ డబ్బాలో, రబ్బరు పక్కన, అప్పటికే ఇల్లు చేరింది.