డెరికప్ప ఉత్తరం

ముప్పై ఒక్క ఏళ్ళు ఇంగ్లండు టీవీకి సీరియళ్ళు రాసి, వాటిలో తానే వేషాలు వేసిన డెరిక్ మాస్లింగ్‌కు ఈ భూమ్మీద ఇద్దరే స్నేహితులు మిగిలారనీ, ఆ ఇద్దరిలో ఒకడు ఆదోనిలో సెల్‌ఫోన్లు రిపేరు చేసే కిరణ్ అనీ, కిరణే వచ్చి చెప్పాడు. ఎమ్మిగనూరులో మేనమామ దుర్గప్ప మగ్గం గుంతలో కూర్చుని, నేత ఆపి మరీ విన్నాడు.

"నీతో మాట్లాడతాడా?"

"దినామూ మాట్లాడతాడు మామా. నిన్న మిరపకాయ బజ్జీ తింటాండానని సెప్తే, ఆయప్పకు ఆడ నోరూరిందంట."

నిజానికి కిరణ్ ఆయనకు పదకొండు మెసేజీలు పెట్టాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. పన్నెండోది పెట్టబోతూ పైన చూస్తే, ఆ పేజీ నడిపేది అభిమానులనీ, ఆయన అసలు సెల్‌ఫోనే వాడడనీ రాసి ఉంది.

ఆదోని ఎండకు తారురోడ్డు మీద దోసె పోసుకుని తిన్నానని ఒట్టు పెట్టిన నోరు కిరణ్‌ది. అలాంటి నోటికి కూడా డెరిక్ కథ చెప్పేటప్పుడు ఏదీ కలపాల్సిన పని పడలేదు.

డెరిక్ తల్లి నూలు మిల్లులో కూలి. పదిహేనేళ్ళకే అతను రొట్టెల ఫ్యాక్టరీలో చేరాడు. టీవీలో దొరికిన మొదటి వేషం శవం. రెండోదీ శవమే. మూడోసారి శవంగా పడుకున్నవాడు ఉన్నట్టుండి లేచి కూర్చుని, "మా వీధిలో ఎవరూ ఇట్లా ఏడవరు, ఈ మాటలు తప్పు" అన్నాడట. డైరెక్టరుకు ఒళ్ళు మండి, అయితే నువ్వే రాయమని కాగితాలు మొహాన కొట్టాడు. రాశాడు. ఇక ఆపలేదు. ఒక వీధి, అందులో పదకొండు ఇళ్ళు. వారానికి రెండు రోజులు దేశమంతా పనులు మానుకుని ఆ వీధిలోకి వచ్చి కూర్చునేది. అందులో తనకంటూ ఒక వేషం పెట్టుకున్నాడు, పోస్ట్‌మ్యాన్. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ పోస్ట్‌మ్యాన్ ఒక్క మాట మాట్లాడలేదు.

దుర్గప్ప చేతిలో, పోగును అటూ ఇటూ నడిపే నాడె జారి ఒళ్ళో పడింది.

"రాసేది తానే గదా. తనకు మాటే పెట్టుకోలేదా?"

"ఒగటి గూడా లేదు మామా."

"నేను రాసిన నాటకంలో నాకు నలభై పద్యాలు పెట్టుకుంటి గదరా!" దుర్గప్ప నాడె తీసి పక్కన పెట్టాడు. "మనిషి కాదురా ఆ డెరికప్ప, దేవుడు."

ఎనిమిదేళ్ళ కింద తన నాటకం సగంలో జనం లేచిపోయిన రోజు నుంచి దుర్గప్ప మళ్ళీ కలం పట్టలేదు. కిరణ్ ఈ కథ చెప్పిన ఆదివారం సాయంత్రం పట్టాడు. నెలన్నర తిరిగేసరికి నోటుబుక్కు నిండింది. కోసిగి నుంచి పనులు వెతుక్కుంటూ వలసపోయే ఎర్రిస్వామి కథ అది. ఊరుగాని ఊళ్ళో ఎర్రిస్వామి చనిపోతాడు. స్టేజీ మీద ఓ మూల నాటకమంతా ఒక ముసలాయన నేస్తూనే ఉంటాడు. ఆ వేషం దుర్గప్పది. పద్యం లేదు, మాట లేదు.

"దీన్ని డెరికప్పకు పంపు అల్లుడా. ఆయన బాగుందంటే జాతరలో ఆడిస్తా. లేదంటావా, పొయ్యిలో పెడతా."

కిరణ్ నోటుబుక్కు చంకలో పెట్టుకుని ఆదోని మీదుగా పోయే బస్సెక్కాడు. మరుసటి ఆదివారం వచ్చి, సెల్‌ఫోన్లో చూస్తూ ఉత్తరం చదివాడు.

"గౌరవనీయులైన దుర్గప్ప గారికి డెరిక్ నమస్కారాలు. మీ నాటకం మా ఊళ్ళో పుట్టి ఉంటే మా రాణిగారు నేలమీద కూర్చుని చూసేవారు. ఒకే ఒక్క సలహా. ఎర్రిస్వామి చనిపోయే పద్యానికి జనం వన్స్ మోర్ అంటారు. లేచి మళ్ళీ పాడడానికి వీలుగా, అతన్ని హార్మోనియం పక్కనే పడిపోమనండి."

దుర్గప్ప మొహం విప్పారింది. తర్వాత మెల్లగా ముడుచుకుంది.

"లండన్లో సచ్చినోళ్ళు లేసి పాడతారా రా?"

చచ్చిన రాజు, జనం వన్స్ మోర్ అని ఈల వేస్తే లేచి, పంచె దులుపుకుని, అదే పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చావడం తమ నాటకాల్లోని మర్యాద. అది కిరణ్‌కు ఎంత అలవాటంటే, లోకంలో ఇంకోలా చస్తారని అతనికి తోచనే లేదు.

"అంటే... ఆడ గూడా జనం అడిగితే..."

"టీవీ ముందర కూకోని వన్స్ మోర్ అంటే యెవరికి ఇనపడుతుంది? నా కండ్లలోకి సూసి సెప్పు. యెవరు రాసినారు దీన్ని?"

కిరణ్‌కు అప్పటికప్పుడు మూడు అబద్ధాలు తట్టాయి. బళ్ళారిలో ఉండే అనువాదకుడు కలిపాడనేది మూడింటిలో మంచిది. మామ కళ్ళలోకి చూశాక మూడూ పనికిరాకుండా పోయాయి.

"నేనే మామా."

"అసలు డెరికప్ప ఉండాడా?"

"ఉండాడు. ఆయప్ప కతంతా నిజం, ఒగ అచ్చరం గూడా కలపలేదు. నాకు ఆయన తెలుసు. ఆయనకే నేను తెలీదు."

"నా బుక్కు?"

"యాడికీ పోలేదు. నేనే సదివినా. బస్సులో సదువుతా సదువుతా ఆదోనిలో దిగేది మరిసి ఆస్పరి దాకా పోయినా. ఎర్రిస్వామి సచ్చిపోయినాంక ఆ ముసలాయన తెగిన పోగు ముడేసుకుంటా కూసుంటాడే... ఆడ నాకు ఊపిరాడలేదు మామా."

"ఇది గూడా కోతేనా?"

"కాదు. కండక్టరు నన్ను దించి తిట్టినాడు, నాకు ఏమీ ఇనపడలేదు." కిరణ్ సెల్‌ఫోన్ జేబులో పెట్టేసి తల వంచుకున్నాడు. "నువ్వు శానా గొప్పగా రాసినావని నేను సెప్తే నమ్ముతావా? నేను నిజం సెప్పినా యెవరూ నమ్మరు. అందుకే ఆయప్ప నోటితో సెప్పించినా."