కుర్చీ పక్కన ఖాళీ

చిన్నిని అవతలి గట్టు బడిలో చేర్పించి వస్తున్నాం. మా లంకలో బడి ఎత్తేశారు. రేపటి నుంచి నా మనవరాలు రోజూ పంటు పడవ మీద ఈ ఏటి పాయ దాటాలి. సముద్రం దగ్గరే. అది వెనక్కి తీసే వేళని పాటు అంటాం. అప్పుడు నీరంతా అటే లాగుతుంది. ఆ సంగతి ఇంట్లో నేను ఎత్తలేదు. మా ఆవిడ సంపూర్ణమ్మా ఎత్తలేదు.

పంటులో ఇంజినీరు గారున్నారు. ఈ పాయకి వంతెన కట్టాలా వద్దా అని మా ఊళ్లో మీటింగు పెట్టడానికి విజయవాడ నుంచి వచ్చారు. కుడి అంచున ఆయనకు కుర్చీ వేశారు. పెద్దాయన మీద పడతామేమోనని మేమంతా ఎడమ వైపుకే ఒదిగాం.

"ఇన్ని కోట్లు పోసి కడితే దాటేదెవరయ్యా?" అన్నారాయన.

"మేమేనండి," అన్నాడు మా ఊళ్లో ఆటో తోలే ఎలీషా.

"మేం కాదండి," అన్నాడు పక్కనే ఉన్న రైతు రత్తయ్య. "వంతెన పడ్డ మర్నాడే రొయ్యల చెరువులోళ్లు కార్లేసుకుని దిగి, చుట్టూ చెరువులు తవ్వేస్తారు. నా ఎకరం ఉప్పు తేలిపోద్ది."

"నీ ఎకరం కోసం మేమంతా ఈ డొక్కు పంటు మీద చావాలా మావా?"

"చావడానికి పంటెందుకురా, నువ్వు తోలే బండి చాలదూ?"

అందరూ నవ్వారు. నవ్వుతూ రత్తయ్య చుట్టూ ఇంకా మూగారు. అప్పటికి పాయ నడుమకొచ్చాం. పాటు తగిలింది. పంటు ఎడమకి ఒరిగింది.

నీళ్లు చెక్కల మీదికొచ్చాయి. చిన్ని ఏడవలేదు. నా పంచె పట్టుకుంది.

"కుర్చీ వైపు జరగండి!" పంటు నడిపే శౌరయ్య అరిచాడు.

ఎవరూ కదల్లేదు. నాకూ కాళ్లు రాలేదు. అంత భయంలోనూ, ఆయన పక్కన ఎలా నిలబడతామన్నదే అడ్డం.

చిన్ని కొత్త చెప్పు ఒకటి కాలి నుంచి జారి, తేలి, సముద్రం వైపు పోయింది. అది చూశాక నాకు కదలిక వచ్చింది. పిల్లనెత్తుకుని వెళ్లి ఇంజినీరు గారి మోకాళ్లకి ఆనుకుని కూలబడ్డాను. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగారు.

"రండయ్యా, నా మీద పడినా ఫర్వాలేదు, రండి!" అని రత్తయ్య చెయ్యి పట్టి లాగారు. అప్పుడు కదిలారు అందరూ. పంటు మెల్లగా సర్దుకుంది.

మీటింగులో వంతెన కావాలన్నవాళ్లని చేతులెత్తమన్నారు. రత్తయ్య ఎత్తలేదు. "భయం నాకూ ఉందండీ. భూమి పోయాక ఇక్కడుండి మాత్రం ఏం చెయ్యను?" అన్నాడు. పైకి రాస్తాననీ, ఎప్పటికవుతుందో చెప్పలేననీ అన్నారు ఇంజినీరు గారు.

సాయంత్రం రేవులో ఆయన నీళ్లకేసి చూస్తూ ఆగిపోయారు.

"వేరే దారి లేదా?"

"లేదండి," అన్నాను.

కుర్చీ వద్దన్నారు. శౌరయ్య భుజం పట్టుకుని నిలబడ్డారు. పంటు కనబడేంతసేపూ చూశాం.

"తాతా, రేపు ఏ పక్క నిలబడాలి?" అంది చిన్ని. ఒంటి చెప్పుతోనే ఉంది.

"నడుమ," అన్నాను. "నేనూ వస్తాను."